అరిగిన చుక్క

ప్రతి పనిముట్టులోనూ పని చేసే భాగాలు కొన్ని, పనికి దారి చూపే భాగాలు కొన్ని ఉంటవి. త్రాసులో తట్టలు బరువును మోస్తవి. ముల్లు ఏ బరువునూ మోయదు. అయినా ముల్లు లేని త్రాసును నమ్మి బేరానికి దిగేవాడుండడు. గిటారు అనే తంత్రీవాద్యంలో, వేళ్లు నడిచే పలకమీద పొదిగిన చిన్న చిన్న చుక్కలు ఈ ముల్లు జాతికి చెందినవి. తీగ మోగుతుంది, మెట్టు తీగ పొడవును నిర్ణయిస్తుంది, కర్రతొట్టి నాదాన్ని పెంచుతుంది. చుక్క మాత్రం నాదానికి ఏమీ చేయదు. వాదకుని చేయి ఏ మెట్టు దగ్గర ఉన్నదో చెప్పి ఊరకుంటుంది. అట్టి మూగసాక్షి అరిగిపోయినప్పుడు దానిని తీసి కొత్తదానిని పెట్టడం చూడడానికి అల్పమైన పని. కాని పాతబడిన వస్తువుల యెడ మనిషి ధర్మమేమిటన్న పెద్ద ప్రశ్న ఆ గోరంత చుక్కలో ఇమిడి ఉన్నది.

ఈ చుక్కల అమరిక కేవలం అలంకారం కాదు. సాధారణంగా మూడు, ఐదు, ఏడు, తొమ్మిదవ మెట్లకు ఒక్కొక్క చుక్క, పన్నెండవ మెట్టుకు జంటచుక్కలు ఉంటవి. పన్నెండవ మెట్టు తీగను రెండు సమభాగాలు చేస్తుంది. ఒత్తని తీగ షడ్జం పలికితే అక్కడ పలికేది తారషడ్జం. ఏడవ మెట్టు పంచమానికి, ఐదవ మెట్టు శుద్ధమధ్యమానికి స్థానాలు. తీగ పొడవు 648 మిల్లీమీటర్లనుకుంటే, పన్నెండవ మెట్టు 324 వద్ద ఉంటుంది. సహజమైన పంచమం తీగలో మూడవ వంతు దాటిన చోట, అంటే 216 మిల్లీమీటర్ల వద్ద పలకాలి. స్వరాంతరాలను పన్నెండు సమభాగాలుగా పంచిన లెక్క ప్రకారం ఏడవ మెట్టు సుమారు 215.5 వద్ద పడుతుంది. ప్రకృతికీ మనుషుల ఏర్పాటుకూ మధ్య ఆ అర మిల్లీమీటరు రాజీ జరిగింది. గెలీలియో తండ్రి, వైణికుని వంటి తంత్రీవాదకుడు అయిన విన్సెంజో గెలిలీ 1581లో ప్రకటించిన గ్రంథంలో, మిగిలిన తీగ పొడవులో పద్ధెనిమిదవ వంతు చొప్పున తగ్గించుకుంటూ మెట్లు అమర్చే పద్ధతిని వివరించాడు. చుక్క చిన్నదే, దాని వెనుక నిలిచిన ఆలోచన నాలుగు శతాబ్దాలకు పైబడినది.

చుక్కలు అరగడానికి కారణాలు అనేకం. వేళ్లు ఒత్తిన చోట కర్ర పల్లమవుతుంది. ముత్యపుచిప్ప కర్రకన్న గట్టిది గనుక ఒక్కొక్కప్పుడు చుట్టూ ఉన్న కర్ర దిగిపోయి చిప్ప అంచు వేలికి తగులుతుంది. మెట్లు మార్చిన ప్రతిసారీ పలకను చదును చేస్తారు. ఆ చదునులో పలుచని చిప్పబిళ్ల మరింత పలుచనై చివరకు మాయమవుతుంది. వెనుక చేసిన మరమ్మతే తరువాతి మరమ్మతుకు కారణమన్నమాట. సెల్యులాయిడ్‌తో చేసిన పొదుగులు కాలక్రమాన కుంచించుకొని, అంచులు లేచి, గుంటలో వదులవుతవి. బాగా చెడిపోయినప్పుడు వాటినుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి దగ్గరి లోహాన్ని తింటుంది. జిగురు ఎండి చుక్క ఊడిపోవడం అన్నిటికన్న సాధారణం.

ఇక్కడ రెండు పక్షాలు ఎదురెదురుగా నిలుస్తవి. ఒక పక్షం ఇట్లా వాదిస్తుంది: ఆ అరుగుదల వేలసార్లు వచ్చి వాలిన వేళ్ల చరిత్ర. దానిని తీసివేయడమంటే పుస్తకంలోనుంచి ఒక పుట చింపివేయడమే. రెండవ పక్షం ఇట్లా బదులు చెబుతుంది: వాద్యం వాయించడానికి పుట్టింది; చూపించడానికి కాదు. దారి చెప్పలేని గుర్తును ఉంచుకోవడం గుడ్డిదీపానికి గుడి కట్టడం వంటిది. మొదటి పక్షానికి ఇంగ్లండులో జాన్ రస్కిన్ వంటి గొప్ప న్యాయవాది దొరికాడు. 1849లో ప్రచురించిన వాస్తుగ్రంథంలో అతడు పాత కట్టడాల పునరుద్ధరణను అసత్యంగా పరిగణించాడు. ముందే శ్రద్ధగా కాపాడుకుంటే పునరుద్ధరించవలసిన అవసరమే రాదన్నాడు. గాంధీ మహాత్ముని జీవితాన్ని మలుపు తిప్పిన రచయిత మాటను తేలికగా తోసివేయరాదు. అయితే రస్కిన్ మాట్లాడినది నిలిచి ఉండే రాతిని గురించి. చేతితో తాకకుండా వాద్యాన్ని వాయించడం సాధ్యం కాదు. దానిని ప్రేమించడానికీ అరగదీయడానికీ మార్గం ఒక్కటే.

నిజానికి మార్పు విషయంలో లోకం పాటించే నియమాలు చాలా విచిత్రమైనవి. తీగలు కొన్ని వారాలకో నెలలకో మారుతవి; ఎవరూ నొచ్చుకోరు. మెట్లు కొన్నేళ్లకు అరిగితే కొత్తవి వేస్తారు. తెలిసిన కొనుగోలుదారు కూడా దానిని చాలవరకు సహజంగానే ఎంచుతాడు. నాదాన్ని నేరుగా పుట్టించే ఈ భాగాలను మార్చితే రాని అనుమానం, నాదంతో సంబంధమే లేని చుక్కను మార్చితే వస్తుంది. పద్ధెనిమిదవ శతాబ్దంలో స్ట్రాడివరి చేసిన వయొలిన్లలో చాలావాటికి తరువాతి కాలంలో మెడలు మార్చారు, వేళ్ల పలకలు మార్చారు, లోపలి కర్రబద్దలు మార్చారు. అయినా వాటిని ఆయన వయొలిన్లు కావన్నవాడు లేడు. అవసరం కోసం జరిగిన మార్పును లోకం క్షమిస్తుంది. గుర్తులో జరిగిన మార్పును శంకిస్తుంది. ఈ శంకలో మూఢత్వం కొంత ఉన్నా, వివేకం కూడా ఉన్నది. పని చేసే భాగాన్ని మార్చినవాడు వాద్యం బాగుపడాలని కోరి ఉంటాడు. గుర్తును మార్చినవాడు ఏమి కోరాడో అడిగి తెలుసుకోవలసి ఉంటుంది.

భారతీయులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. వీణకు ఇరవైనాలుగు మెట్లు. వాటిని మసి కలిపిన మైనపు దిమ్మమీద నిలుపుతారు. ఎండకు, వయస్సుకు మైనం పట్టు తప్పుతుంది; గమకాలకు తీగను పక్కకు లాగిలాగి మెట్ల తలలు గాడిపడతవి. అప్పుడు మేళం కట్టేవాడు పాత మైనాన్ని తొలగించి, ప్రతి మెట్టునూ చెవితో సరిచూస్తూ కొత్తగా నిలుపుతాడు. స్వరస్థానాలన్నీ ఆ రోజున కొత్తగా పుడతవి. అయినా ఇంట్లోవాళ్లు అది అమ్మమ్మ వీణే అంటారు. ఒకే పనసమొద్దును తొలిచి బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో చేసే ఏకాండ వీణకు కర్ర అంతా ఒక్కటే. ఆ ఒక్క కర్రమీద మైనం ఎన్నిసార్లు మారినా దాని ఏకత్వానికి భంగం రాదు. దేవాలయాల విషయంలో ఇట్టి పనికి పెద్దలు జీర్ణోద్ధారణమని పేరు పెట్టారు. ఆ మాటలో రెండు భాగాలున్నవి. జీర్ణమైనదని ఒప్పుకోవడం మొదటిది, పైకెత్తడం రెండవది. మొదటిది లేనిదే రెండవది లేదు.

పూరీ క్షేత్రంలో జరిగే నవకళేబరోత్సవం ఈ భావానికి పరాకాష్ఠ. ఆషాఢం అధికమాసంగా వచ్చిన సంవత్సరాలలో కొత్త వేపదారువుతో జగన్నాథాది మూర్తులను చెక్కి, పాత మూర్తులలోని బ్రహ్మపదార్థాన్ని వాటిలోకి మార్చుతారు. 1996లో, తిరిగి 2015లో ఈ ఉత్సవం జరిగింది. పాత మూర్తులను ఆలయ ప్రాంగణంలోనే భూస్థాపితం చేస్తారు. దైతపతులు వాటికోసం ఆప్తులను పోగొట్టుకున్నవారివలె అశౌచం పాటిస్తారు. ఇందులోని ధర్మసూక్ష్మం గమనింపదగినది. కొత్తదానిని పూజించడానికి పాతదానిని మరచిపోనక్కరలేదు. పోయినది పోయిందని దుఃఖించినవారే వచ్చినదానికి నిష్కపటంగా నమస్కరించగలరు.

తత్త్వవేత్తలు ఈ విషయాన్ని మరొక దారిలో పరిశీలించారు. మిలిందప్రశ్నలో నాగసేనుడు గ్రీకురాజు మినాండరును రథమంటే ఏమిటని అడుగుతాడు. ఇరుసా? చక్రమా? నొగలా? ఏదీ కాదు; అన్నీ కలిసినప్పుడు వ్యవహారం కోసం పెట్టిన పేరే రథం. ప్లూటార్కు చెప్పిన థీసియస్ ఓడలో పలకలు ఒక్కొక్కటే మారినవి; అది పాత ఓడేనా అని ఏథెన్సు పండితులు వాదించుకున్నారు. 1655లో థామస్ హాబ్స్ దానికొక చిక్కు కలిపాడు: తీసివేసిన పాత పలకలన్నీ ఎవడైనా కూడబెట్టి మరొక ఓడ కడితే అసలు ఓడ ఏది? ఈ ప్రశ్నలు బుద్ధికి పదును పెడతవి. కాని ఉలి పట్టుకున్నవాడికి ఇవి చాలవు. వస్తువు అదేనా కాదా అన్నది తత్త్వవేత్త అడిగే ప్రశ్న. నేను చేస్తున్న పని సత్యమా కాదా అన్నది మరమ్మతు చేసేవాడు తనను తాను అడుగవలసిన ప్రశ్న. మొదటిది తేలకపోయినా రెండవదానికి ఆ పూటనే సమాధానం చెప్పక తప్పదు.

ఆ సమాధానానికి చుక్కే ఆధారమిస్తుంది. ఒక చుక్క రెండు సత్యాలు పలకవలసి ఉంటుంది. మొదటిది స్థానసత్యం: ఇది ఐదవ మెట్టు, ఇది ఏడవది అని చేతికి చెప్పడం. రెండవది కాలసత్యం: ఈ బిళ్ల వాద్యంతోపాటు పుట్టింది, ఈ బిళ్ల తరువాత వచ్చింది అని కంటికి చెప్పడం. మొదటి సత్యం వాయించేవాడికి చెల్లవలసిన ఋణం; రెండవది చేసినవాడికీ, రేపు కొనేవాడికీ చెల్లవలసిన ఋణం.

స్థానసత్యం ఎంతటిదో హవాయి గిటారును చూస్తే తెలుస్తుంది. అందులో తీగను వేలితో మెట్టుకు ఒత్తరు. తీగమీద ఉక్కుకడ్డీని జరుపుతారు. మెట్లు ఎత్తుగా ఉండనక్కరలేదు, గీతలుంటే చాలు. కడ్డీ సరిగ్గా గీతకు ఎదురుగా నిలిస్తే స్వరం శుద్ధం. వెంట్రుకవాసి తప్పితే అపస్వరం. మామూలు గిటారులో చుక్క కొంచెం పక్కకు జరిగినా మెట్టు కాపాడుతుంది. ఇక్కడ గుర్తే గురువు. బ్రిజ్ భూషణ్ కాబ్రా ఈ వాద్యాన్ని హిందుస్తానీ రాగాలకు అలవరచి, 1967లో శివకుమార్ శర్మ సంతూరుతోను, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతోను కలిపి వినిపించినప్పుడు, విదేశీ వాద్యం మీది గీతల మధ్య మన మీండ్లు తిరిగినవి. గీత కర్రదైనా, చిప్పదైనా, రంగుదైనా వాటికి పట్టలేదు. ఉండవలసిన చోట ఉండడమే ముఖ్యం. కనుక మేలిమి ముత్యపుచిప్పతో చేసినా చోటు తప్పిన గుర్తు అసత్యం. చౌకబారు ప్లాస్టిక్కుతో చేసినా చోటు తప్పనిది సత్యం.

కాలసత్యం అంతకన్న సున్నితమైనది. వాద్యానికి పాతదనం ధర తెచ్చే కాలంలో పాతదనమే సరుకవుతుంది. కొత్త చుక్కకు పసుపుడాలు పట్టించి, అంచులు నలిపి, తొలినాటిదని నమ్మించడం కష్టం కాదు. అమెరికాలోని ఫెండర్ సంస్థ 1995నుంచి కొత్త గిటార్లనే అరిగినట్లుగా తయారుచేసి, ఆ సంగతి చెప్పే అమ్ముతున్నది. చెప్పి చేసిన అనుకరణ నాటకంలో వేషం వంటిది. చెప్పక చేసిన అనుకరణ దొంగసంతకం. రెండిటికీ వాడే రంగు ఒక్కటే కావచ్చు; తేడా ఆ రంగులో లేదు, మాటలో ఉన్నది. పాత కట్టడాల రక్షణకోసం 1964లో వెనిస్ నగరంలో నిపుణులు అంగీకరించిన ప్రణాళిక ఈ తేడాకు ఒక కొలత ఇచ్చింది. పోయిన భాగం స్థానంలో పెట్టిన కొత్త భాగం మొత్తంతో పొందికగా కలిసిపోవాలి. అయినా అసలుదానినుంచి వేరుగా గుర్తింపదగినదై ఉండాలి. లేకుంటే చరిత్ర ఇచ్చే సాక్ష్యం కల్తీ అవుతుంది. గుడిగోపురానికి చెప్పిన ఈ ధర్మం గిటారు చుక్కకూ సరిపోతుంది.

ఐర్లండు దేశపు వాదకుడు రోరీ గాలగర్ గిటారు దీనికి చక్కని నిదర్శనం. 1961లో తయారైన ఆ ఫెండర్ గిటారును అతడు 1963లో కార్క్ నగరంలోని ఒక దుకాణంలో కొన్నాడు. ఒకసారి అది దొంగల పాలై, వర్షంలో గుంటలో పడి ఉండి, తిరిగి అతని చేతికి వచ్చింది. 1995లో మరణించేవరకు అతడు దానిని వాయించాడు. పైరంగు చాలావరకు రాలిపోయి కర్ర బయటపడింది. పన్నెండవ మెట్టు జంటచుక్కలలో ఒకటి ఊడిపోతే, మట్టిరంగు పాతచుక్క స్థానంలో తెల్లని ప్లాస్టిక్కు చుక్క పెట్టించాడు. రెండు చుక్కలూ జోడు కుదరలేదు. ఆ జోడు కుదరకపోవడమే అక్కడి నిజాయితీ. ఒకటి తొలినాటిదని, ఒకటి తరువాతిదని చూసినవారికెల్లా తెలుస్తుంది. రెండూ పన్నెండవ మెట్టునే చూపుతవి. స్థానసత్యమూ కాలసత్యమూ రెండూ నిలిచినవి. తరువాత ఆ సంస్థ ఆ గిటారుకు నకళ్లు చేసినప్పుడు జోడు కుదరని చుక్కను కూడా శ్రద్ధగా అనుకరించింది. అసలు గిటారులో అవసరం కోసం పుట్టిన మచ్చ నకళ్లలో ఆభరణమైంది. ఏ చుక్కా ఊడకముందే అక్కడ మరమ్మతు జరిగినట్లు కనిపిస్తుంది. మనిషి భక్తి ఎంత దూరం పోగలదో, ఎక్కడ దారి తప్పగలదో ఆ చిన్న బిళ్ల చెబుతున్నది. 2024లో లండన్ వేలంలో అసలు గిటారును ఐర్లండు జాతీయ ప్రదర్శనశాలకు కానుకగా ఇవ్వడానికి కొన్నారు. ప్లాస్టిక్కు చుక్క ఉన్నదని దాని గౌరవానికి లోటేమీ రాలేదు.

చుక్కకు మరొక ఋణం ఉన్నది. దానిని వాదకుడుగాని, కొనేవాడుగాని తరచుగా లెక్కపెట్టడు. పొదిగే పదార్థం ఎక్కడో ఒక ప్రాణి శరీరంలోనుంచి వచ్చింది. పాత వీణలకు ఏనుగుదంతపు పనితనం అందం తెచ్చింది. పాశ్చాత్య వాద్యాలకు దంతంతోపాటు సముద్రపు తాబేటిచిప్ప కూడ వాడారు. భారతదేశంలో 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి తరువాత జరిగిన సవరణలు దంతవ్యాపారాన్ని నిషేధించినవి. 1989లో దేశాల మధ్య దంతవ్యాపారం ఆపాలన్న నిర్ణయం జరిగింది. ఇప్పుడు వీణలకు ఆ పనితనం ప్లాస్టిక్కుతో సాగుతున్నది. శుద్ధవాదులకు ఇది దిగజారుడుగా తోచవచ్చు. పాతది దంతం గనుక కొత్తది కూడ దంతమే కావాలన్నది వారి విశ్వసనీయత. కాని ఆ విశ్వసనీయతకు ఎవరు మూల్యం చెల్లిస్తారు? చేసినవాడు చెల్లించడు, వాయించేవాడు చెల్లించడు. అడవిలో నడిచే ఏనుగు చెల్లిస్తుంది. వాద్యానికి చేసే సేవ ఒక ప్రాణిని చంపనిదే జరగదంటే అది సేవ కాదు. పాతవాద్యంలో ఉన్న దంతాన్ని ఉండనివ్వవచ్చు. జరిగిపోయిన హింసను తుడిచివేయడం కూడ ఒకవిధమైన అసత్యమే. దాని పక్కన కొత్త హింసను పొదగరాదు.

ఈ ఋణాలన్నీ చివరకు వచ్చి చేరేది పనివాని బల్లమీదికి. మంచి పనివాడు మొదట మార్చనక్కరలేనిదానిని మార్చడు. వదులైన చుక్కను తీసి, గుంట తుడిచి, అదే చుక్కను తిరిగి అతికిస్తే సరిపోయేచోట కొత్తది వెదకడు. తీయక తప్పనప్పుడు జిగురును వేడితో మెత్తబరచి, లేదా చుక్క నడుమ సన్నని రంధ్రం తొలిచి, గుంట అంచు చెదరకుండా పైకి ఎత్తుతాడు. కొత్త బిళ్లను అదే గుంటలో, అదే లోతులో కూర్చోబెడతాడు. పైకి మిగిలినదానిని పలక వంపుకు తగినట్లు ఆకురాయితో దించుతాడు. పాత కర్రను ముట్టవలసిన దానికన్న ఒక్క రజనుపాటు ఎక్కువ ముట్టడు. తీసిన పాత చుక్కను పొట్లం కట్టి యజమానికి ఇస్తాడు. ఏది ఎప్పుడు మార్చాడో చీటీ రాసి అందులో పెడతాడు. ఆ చీటీ అడ్డంగా ఉంటే అమ్మబోయేవాడికి అబద్ధమాడడం కష్టమవుతుంది. ధర్మం చాలాసార్లు ఇట్టి చిన్న కాగితాలమీదనే నిలుస్తుంది.

చుక్క ఎవరికోసం అన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉన్నది. చేయి తిరిగిన వాదకుడు చుక్కవంక చూడడు. అతని చేతికి దూరాలు తెలుసు, చీకటిలోనైనా వాయిస్తాడు. సంప్రదాయసిద్ధమైన స్పానిష్ గిటారు పలకమీద చుక్కలే ఉండవు. నేర్చినవాడికి అక్కరలేని గుర్తు చెరిగిపోతే నష్టమేమిటని అతడు అడగవచ్చు. కాని వాద్యం ఒక మనిషి ఆయుర్దాయంతో ముగియదు. అది రేపు ఒక పిల్లవాని ఒడిలోకి పోతుంది. వాడు పలకవైపు వంగి, ఐదవ మెట్టు ఏదో వెదకుతాడు. అరిగిన చుక్కలో నిన్నటివారి వేళ్లున్నవి; కొత్త చుక్కమీద రేపటివారి చూపు ఆనుతుంది. నిన్నటిని దాచక, రేపటికి దారి మూయక చేసిన మరమ్మతే మంచి మరమ్మతు. తెలిసినవాడు తనకు అక్కరలేని దీపాన్ని కూడ దారి పక్కన వెలుగుతూ ఉండనిస్తాడు. వెనుక వచ్చేవాడికి ఆ దారి ఇంకా తెలియదు.